కొత్త తెర, పాత వేళ్లు

సంగీతం రాసే, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లలో సదుపాయాలు పెరిగేకొద్దీ తెర చిక్కుపడిపోతోంది. ఆ చిక్కు విప్పబోయిన ప్రతి సంస్థకూ ఒకటే సమస్య: కొత్తవారిని రప్పించాలి, పాతవారిని పోగొట్టుకోకూడదు.

ఇటాలియన్ భాషలో ఫినాలే అంటే ముగింపు. ఆ పేరున్న సాఫ్ట్‌వేర్‌కు 2024 ఆగస్టు 26న నిజంగానే ముగింపు వచ్చింది. ఇక దాన్ని అభివృద్ధి చేయబోమని, అమ్మకాలు కూడా ఆపేస్తున్నామని అమెరికా సంస్థ మేక్‌మ్యూజిక్ ఆ రోజు ప్రకటించింది. 1988లో మొదలై 35 ఏళ్లకు పైగా నడిచిన ఫినాలే అల్లాటప్పా సరుకేమీ కాదు. బ్రాడ్వే నాటకశాలల నుంచి హాలీవుడ్ రికార్డింగ్ స్టూడియోల దాకా, విశ్వవిద్యాలయాల సంగీత శాఖల నుంచి చర్చి గాయక బృందాల దాకా స్వరాలను కాగితం మీదికి ఎక్కించిన సాధనాల్లో దానిది ముందు వరస.

సంస్థ చెప్పిన కారణం సూటిగానే ఉంది. కంప్యూటర్లు మారాయి. ఆపరేటింగ్ సిస్టంలు మారాయి. మూడున్నర దశాబ్దాలుగా పోగుపడిన లక్షల పంక్తుల కోడ్ మాత్రం ఏటికేడు బరువెక్కుతూ వచ్చింది. చిన్న మెరుగుదల చేయాలన్నా తలకు మించిన పని అయింది. ఏడాది గడిచాక కొత్త కంప్యూటర్లలో ఫినాలేను యాక్టివేట్ చేసుకునే వీలు కూడా ఉండదని మొదట చెప్పారు. దాంతో సంగీతకారులు గగ్గోలు పెట్టారు. పాతికేళ్లుగా రాసుకున్న స్కోర్లన్నీ ఆ ఫైళ్లలోనే ఉన్నాయి మరి. కొద్ది గంటల్లోనే సంస్థ ఆ షరతును వెనక్కి తీసుకుంది.

సదుపాయాలు గుట్టలుగా పేరుకున్న సాఫ్ట్‌వేర్‌ను వేళకు సంస్కరించకపోతే ఏమవుతుందో చెప్పే కథ ఇది. అలాగని సంస్కరించబోయినవారు సుఖపడ్డారనీ కాదు. సిబేలియస్, మ్యూస్‌స్కోర్, ఆడాసిటీ గత పదిహేనేళ్లలో తమ తెరలను తిరగరాయడానికి పూనుకున్నాయి. మూడూ చీవాట్లు తిన్నాయి. అయినా మూడూ ఇంకా బతికే ఉన్నాయి. ఆ తేడా ఎక్కడుందన్నది సాఫ్ట్‌వేర్ రంగానికే కాదు, రోజూ కంప్యూటర్‌తో పని ఉన్న అందరికీ ఆసక్తి కలిగించే విషయం.

అయిదు గీతల వెనక

స్టాఫ్ నొటేషన్ మనకు పరాయిదేమీ కాదు. తెలుగు సినిమా పాటలు మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన రోజుల్లో వయొలిన్ బృందం ముందు స్టాండ్ల మీద కనిపించినవి ఈ అయిదు గీతల కాగితాలే. నొటేషన్‌ను తన చేత్తోనే రాసే సంగీత దర్శకుడిగా ఇళయరాజాకు పేరుంది. ఆయన సింఫనీ 'వేలియంట్'ను 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించింది. అయితే స్కోరు ఎవరు ఎలా రాసినా, దాని నుంచి ఒక్కో వాద్యానికి విడిగా కాగితం తీయాలి. గాయకుడికి శ్రుతి కుదరకపోతే పాట మొత్తాన్ని ఒక మెట్టు దించి మళ్లీ రాయాలి. ఒకప్పుడు రాత్రంతా కూర్చుని రాతగాళ్లు చేసిన ఆ పనిని నొటేషన్ సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో ముగిస్తుంది.

ఆ నిమిషాల వెనక ఉన్న సరంజామా మాత్రం తక్కువది కాదు. ఒక్క స్వరం రాయాలంటే దాని స్థాయి, నిడివి, కాడ ఎటు తిరగాలి, పక్క స్వరంతో కలపాలా, చుక్క పెట్టాలా, గట్టిగా వాయించాలా, మెల్లగానా, కింద సాహిత్యం ఎక్కడ పడాలి అన్నవన్నీ తేలాలి. గిటారుకు ఒక పద్ధతి, డ్రమ్ములకు మరోటి, బృందగానానికి ఇంకోటి. వాటికి తోడు పేజీ అమరిక, ముద్రణ, కంప్యూటర్‌లోనే వాయించి వినిపించే ఏర్పాటు. ఇలా వందల ఆదేశాలు చేరతాయి. ప్రతిదాన్నీ ఎప్పుడో ఎవరో అడిగినందుకే పెట్టారు. కాబట్టి ఏ ఒక్కటి తీసేసినా ఎవరో ఒకరి పని ఆగిపోతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లీలాండ్ స్మిత్ రూపొందించిన 'స్కోర్' అనే తొలితరం ప్రోగ్రాంలో సంగీతాన్ని సంకేతాలుగా టైపు చేయాల్సి వచ్చేది. ముందు స్వరాలన్నీ ఒక వరస, తర్వాత నిడివులు, ఆ తర్వాత గుర్తులు. అచ్చు మాత్రం చూడముచ్చటగా వచ్చేది. ఫినాలే మౌస్‌తో పని చేసే పద్ధతి తెచ్చింది. కానీ ప్రతి పనికీ ఒక పనిముట్టు పెట్టింది. కొలతలకు ఒకటి, గుర్తులకు ఒకటి, సాహిత్యానికి ఒకటి. ఏది ముట్టుకోవాలన్నా ముందు సరైన పనిముట్టు ఎంచుకోవాలి. ఇంగ్లండ్‌కు చెందిన కవలలు బెన్ ఫిన్, జొనాథన్ ఫిన్ 1993లో ఏకార్న్ కంప్యూటర్ల కోసం విడుదల చేసిన సిబేలియస్ దీన్ని తేలిక చేసింది. స్కోరు మీద కావలసిన చోట క్లిక్ చేసి నేరుగా మార్చుకోవచ్చు. 1998లో విండోస్‌కు కూడా వచ్చాక అది ఫినాలేకు గట్టి పోటీ అయింది.

నాలుగా, అయిదా, ఆరా?

బయటివారికి కనిపించని అసలు చిక్కు ఇక్కడుంది. క్వార్టర్ నోట్ అనేది పాశ్చాత్య సంగీతంలో తరచూ వచ్చే నిడివి. దాన్ని రాయడానికి సిబేలియస్‌లో 4 అంకె నొక్కాలి. ఫినాలేలో, మ్యూస్‌స్కోర్‌లో 5. డోరికోలో 6. ఏది సరైనదని వాదించి లాభం లేదు, మూడూ సరైనవే. అయితే రోజుకు కొన్ని వేల సార్లు ఆ మీట నొక్కే అరేంజర్‌కు ఆ అంకె బుర్రలో ఉండదు, వేలి కొసలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మారిన రోజున ఆయన రాసే ప్రతి స్వరమూ సగానికి తగ్గిపోవడమో, రెట్టింపు కావడమో ఖాయం.

వీణ మెట్లను రాత్రికి రాత్రి ఒక్కో అంగుళం జరిపితే వైణికుడి గతి ఏమిటి? కొత్త అమరిక శాస్త్రీయంగా ఎంత మెరుగైనదైనా, మర్నాటి కచేరీ మాత్రం రసాభాసే. ఇంటర్‌ఫేస్‌ను ఆధునికం చేయడమంటే రంగులు మార్చడం అనుకునేవారు మరిచిపోయేది దీన్నే. పాత వినియోగదారుడు డబ్బు ఒక్కటే కాదు, ఏళ్ల తరబడి సాధన కూడా పెట్టాడు. డబ్బు తిరిగి ఇవ్వొచ్చు. సాధనను వెనక్కి ఇచ్చే మార్గం లేదు.

2011లో వచ్చిన సిబేలియస్ ఏడో వెర్షన్‌కు ఇదే అనుభవమైంది. మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ 2007లో మెనూలను తీసేసి పైభాగాన పెద్ద బటన్ల పట్టీని పెట్టింది. దానికి రిబ్బన్ అని పేరు. సిబేలియస్ కూడా అదే దారి పట్టింది. వెనక ఉన్న ఆలోచన మంచిదే. స్వరాలు రాయడం, గుర్తులు పెట్టడం, వినడం, పేజీ సర్దడం అంటూ పని సాగే క్రమంలోనే పట్టీలు ఎడమ నుంచి కుడికి ఉంటాయి. మెనూల అడుగున ఏళ్ల తరబడి ఎవరి కంటా పడని సదుపాయాలు ఒక్కసారిగా బయటపడ్డాయి. కొత్తవారు మెచ్చుకున్నారు. మెనూల దారులన్నీ కంఠస్థమైనవారు మాత్రం తమ సొంత ఇంట్లోనే వస్తువులు వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా స్కోరు నిలువుగా పొడవైనది, ల్యాప్‌టాప్ తెర అడ్డంగా వెడల్పైనది. అసలే చాలని ఎత్తును ఆ పట్టీ మరికొంత మింగేసిందన్న ఫిర్యాదును కొట్టిపారేయలేం.

కథ అక్కడితో ఆగలేదు. సిబేలియస్‌ను 2006లో కొన్న ఆవిడ్ సంస్థ 2012లో దాని లండన్ కార్యాలయాన్ని మూసేసింది. రోడ్డున పడ్డ ఆ బృందాన్ని జర్మనీ సంస్థ స్టైన్‌బర్గ్ తీసుకుంది. డేనియల్ స్ప్రెడ్‌బరీ సారథ్యంలో వారు ఖాళీ కాగితం మీద మొదలుపెట్టి 2016 అక్టోబరులో డోరికోను విడుదల చేశారు. పదహారో శతాబ్దపు ఇటలీ ముద్రాపకుడు వలేరియో డోరికో పేరు దానికి పెట్టారు. అందులో పనిని అయిదు గదులుగా విడగొట్టారు. వాద్యాలను నిర్ణయించే చోటు, రాసే చోటు, పేజీని చెక్కే చోటు, వాయించే చోటు, అచ్చు వేసే చోటు. ఏ గదిలో ఉంటే ఆ పనికి సంబంధించిన బటన్లే కనిపిస్తాయి. పాత ఇంటిని బాగుచేయడం కన్నా కొత్త ఇల్లు కట్టడమే తేలికని నిరూపించిన ఉదాహరణ ఇది. కాకపోతే మొదటి రోజున ఆ ఇంట్లో సామాను తక్కువ. పాత సాఫ్ట్‌వేర్‌లతో సరితూగే స్థాయికి చేరడానికి కొన్నేళ్లు పట్టింది. ఫినాలేకు స్వస్తి పలికిన రోజున మేక్‌మ్యూజిక్ తన వినియోగదారులకు చూపించిన దారి కూడా డోరికోయే.

విమర్శకుడికే బాధ్యత

మూడో దారి మ్యూస్‌స్కోర్‌ది. జర్మన్ ప్రోగ్రామర్ వెర్నర్ ష్వీర్ 2002లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అది వరమైంది. అయితే ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా పనిచేసినవారు ఎవరికి తోచిన సదుపాయం వారు చేర్చుకుంటూ పోవడంతో తెర అతుకుల బొంతలా తయారైంది.

ఆ మాట ముఖం మీదే చెప్పినవాడు మార్టిన్ కియరీ. ఐర్లండ్‌కు చెందిన ఈ స్వరకర్త ఇంటర్‌ఫేస్ డిజైనర్ కూడా. టాంటాక్రుల్ పేరుతో ఆయన చేసిన వీడియోలు సిబేలియస్ లోపాలను నవ్విస్తూనే ఉతికి ఆరేశాయి. 2019లో మ్యూస్‌స్కోర్ వంతు వచ్చింది. ఇంకొకరైతే ముఖం మాడ్చుకునేవారు. మ్యూస్‌స్కోర్ మాత్రం ఆయన్నే పిలిచి డిజైన్ బాధ్యత అప్పగించింది. తప్పులు పట్టడం వేరు, దిద్దడం వేరు అన్నది ఇక ఆయనకే అనుభవంలోకి రావాలి.

ముందు చిన్న మార్పులతో మొదలుపెట్టారు. 2021 జనవరిలో వచ్చిన 3.6 వెర్షన్‌లో స్వరాల అచ్చుకు కొత్త ఫాంట్ చేరింది. 'స్కోర్' సృష్టికర్త స్మరణగా దానికి లీలాండ్ అని పేరు పెట్టారు. తర్వాత అసలు పని. దాదాపు తెర మొత్తాన్ని తిరగరాసి 2022 డిసెంబరు 14న నాలుగో వెర్షన్ తెచ్చారు. స్కోరులో ఒక వస్తువును ఎంచుకుంటే దాని గురించిన ముఖ్యమైన విషయాలే ముందు కనిపిస్తాయి. అరుదుగా అవసరమయ్యేవి ఒక బటన్ వెనక దాగి ఉంటాయి. ఏ సదుపాయాన్నీ తొలగించకుండానే తెరను తేలిక చేసే కిటుకు ఇది. పేజీ మీద అంతరాలను కంప్యూటరే మునుపటికన్నా చక్కగా సర్దుతుంది కాబట్టి చేత్తో దిద్దాల్సిన అవసరం తగ్గింది. ఉచితంగా ఇచ్చిన కొత్త వాద్య ధ్వనులు విన్నవారు ముక్కున వేలేసుకున్నారు.

దానికి కట్టిన మూల్యమూ ఉంది. స్వరాలను పట్టీలుగా చూపి దిద్దుకోనిచ్చే పియానో రోల్ మాయమైంది. కొందరు ఏళ్లుగా పోగుచేసుకున్న ఎస్ఎఫ్‌జెడ్ ధ్వనులు పనిచేయలేదు. లైనక్స్ సంగీతకారులు నమ్ముకున్న జాక్ అనుసంధానం పోయింది. పాత ల్యాప్‌టాప్‌లకు కొత్త వెర్షన్ బరువైంది. తీసేసినవాటిని వాడేది కొద్దిమందే కావచ్చు. కానీ ఆ కొద్దిమందికి అదే సర్వస్వం. మ్యూస్‌స్కోర్‌ను కాపాడిన విషయం ఒకటుంది. పాత మూడో వెర్షన్‌ను అది దాచేయలేదు. రెంటినీ ఒకే కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉంచుకోవచ్చు. కొత్తది ఇంకా నచ్చనివారు పాతదానితోనే పని ముగించుకున్నారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కొత్తదానిలో దాచిన ఫైలును పాత వెర్షన్ తెరవలేదు.

బటన్ తీసేస్తే బెంగ

పాట రికార్డు చేసి, కత్తిరించి, శుభ్రం చేసుకోవడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ పేరు వినని హోం స్టూడియో ఉండదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 2000లో జనంలోకి వచ్చింది. రెండు దశాబ్దాల పాటు దాని ముఖం పెద్దగా మారలేదు. 2021లో మ్యూస్ గ్రూప్ చేతికి వచ్చాక దాని రూపురేఖల బాధ్యత కూడా కియరీకే దక్కింది.

అప్పటిదాకా ఒక ఆడియో ముక్కను అటూఇటూ జరపాలంటే ముందు టైం షిఫ్ట్ అనే పనిముట్టు ఎంచుకోవాలి. జరిపాక మళ్లీ మామూలు పనిముట్టుకు రావాలి. మరిచిపోతే పనంతా తారుమారు. 2021లో వచ్చిన 3.1 వెర్షన్ ఆ పనిముట్టునే తీసేసింది. ప్రతి ముక్కకూ పైన ఒక పిడి పెట్టింది. పిడి పట్టుకుని లాగితే చాలు. అంచు పట్టుకుని లోపలికి నెడితే కత్తిరింపు అవుతుంది. మళ్లీ బయటికి లాగితే పోయిన భాగం తిరిగి వస్తుంది. మొదటిసారి చూసినవారికి పాఠం అక్కర్లేదు. పదేళ్లుగా వాడుతున్నవారు మాత్రం ఆ బటన్ ఏమైందని వెతుక్కున్నారు.

కంటికి కనిపించని మార్పులే ఎక్కువ మేలు చేశాయి. అంతకుముందు ఆడాసిటీ ఒక ప్రాజెక్టును వందలాది చిన్న ఫైళ్లుగా దాచేది. ఫోల్డరును తెలియక జరిపితే రికార్డింగ్ గంగపాలే. 3.0 వెర్షన్ నుంచి అంతా ఒకే ఫైలు. ఎకో లాంటి ఎఫెక్టును ఒకసారి వేస్తే అసలు శబ్దమే మారిపోయేది. 2022లో వచ్చిన 3.2 నుంచి వింటూనే దాన్ని మార్చుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే ఆపేయొచ్చు. తప్పు చేస్తానేమోనన్న భయం పోవడమే కొత్తవారికి దక్కిన పెద్ద సదుపాయం.

ఇంతటి మేలు చేసినవారికీ ఒక విషయంలో చేయి కాలింది. వినియోగ సమాచారాన్ని సేకరించే ఏర్పాటు చేస్తామని 2021 మేలో ప్రతిపాదించగానే నిరసన పెల్లుబికింది. ప్రతిపాదనను మార్చుకోక తప్పలేదు. జులైలో గోప్యతా నిబంధనల మీద మరో దుమారం రేగింది. సంస్థ క్షమాపణ చెప్పి వాటిని తిరగరాసింది. ఈలోగా కొందరు ప్రోగ్రామర్లు కోడ్ తీసుకుని వేరు కుంపటి పెట్టారు. ఏ బటన్‌ను ఎంతమంది నొక్కుతున్నారో తెలిస్తే డిజైనర్‌కు ఉపయోగమే. కానీ ఇల్లు సర్దుతామని వచ్చినవారు అల్మారాలు వెతికితే ఎవరూ ఊరుకోరు.

తెర చూడలేనివారి మాట

ఆధునికత అనగానే కంటికి ఇంపైన తెరే గుర్తుకొస్తుంది. అంధ సంగీతకారులకు కొత్త అందం గోడ కావచ్చు. వారు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పనిచేస్తారు. డిజైనర్ గీసిన అందమైన బటన్‌కు పేరు పెట్టకపోతే వారికది లేనట్టే. మ్యూస్‌స్కోర్ నాలుగో వెర్షన్‌లో తెరలోని భాగాలను కీబోర్డుతోనే చేరుకునే ఏర్పాటును మొదటి నుంచీ ఆలోచించి పెట్టారు. 2023లో వచ్చిన 4.1లో బ్రెయిలీ ఫలకం చేరింది. స్కోరు తెరమీద ఉన్నప్పుడే బ్రెయిలీ నొటేషన్ కూడా అందుతుంది. ఒక తెర నిజంగా ఆధునికమైందా, పైపూత మాత్రమే పూశారా అని తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఇంకో పరీక్ష మన సంగీతం పెడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ పాశ్చాత్య అలవాట్ల మీద కట్టినవే. ఖండ చాపు అయిదు అక్షరాలను, మిశ్ర చాపు ఏడింటిని వాటిలో రాసుకోవచ్చు. గమకం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. మనకు సరిగమల అక్షరాలు, స్థాయికి పైనా కిందా చుక్కలు, కాలానికి గీతలు కావాలి. ఎన్ని వందల సదుపాయాలున్నా అడగనివారి సదుపాయం అందులో ఉండదు. కోడ్ అందరికీ తెరిచి ఉన్న మ్యూస్‌స్కోర్ లాంటి వాటిలో ఆ లోటు తీర్చే అవకాశమైతే ఉంది. మన సంగీతం, ప్రోగ్రామింగ్ రెండూ తెలిసినవారు పూనుకోవడమే తరువాయి.

వెతికితే దొరకాలి

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే కొన్ని సూత్రాలు తేలతాయి. చేతికి అలవాటైన కీబోర్డు దారులను వీలైనంత వరకు ముట్టుకోకూడదు. ముట్టుకోక తప్పకపోతే పాత అలవాటును ఎంచుకునే వీలుంచాలి. దేన్ని తీసేస్తున్నారో ముందే చెప్పాలి. పాత వెర్షన్‌ను కొంతకాలం బతకనివ్వాలి. ఎన్ని వందల ఆదేశాలున్నా పేరు టైపు చేస్తే దొరికేలా చేస్తే మెనూల దారులు గుర్తుంచుకోనక్కర్లేదు. సిబేలియస్ 2021లో, డోరికో 2022లో అలాంటి వెతుకులాట పెట్టెను తెచ్చాయి. కొత్తవారికీ పాతవారికీ ఒకేసారి నచ్చిన అరుదైన మార్పుల్లో అదొకటి.

అన్నిటికన్నా పెద్ద పాఠం ఫినాలే నుంచే వస్తుంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో రాసిన స్కోరును మరోదానిలో తెరవడానికి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే ఉమ్మడి భాష ఉంది. మైకేల్ గుడ్ రూపకల్పన చేసిన దాని తొలి వెర్షన్ 2004లో వచ్చింది. ఆయన సంస్థను 2011లో కొన్నది మేక్‌మ్యూజిక్కే. అంటే ఫినాలేను ఆపేసిన సంస్థే, దాని వినియోగదారులు బయటపడే దారికి కొన్నేళ్లు ఆలనాపాలనా చూసింది. ఆ దారిలో స్వరాలు, నిడివులు, సాహిత్యం క్షేమంగా దాటుతాయి. గంటల తరబడి కూర్చుని సర్దుకున్న పేజీ అందం మాత్రం చాలావరకు ఇవతలి ఒడ్డునే ఉండిపోతుంది.

ఫినాలేను నమ్ముకున్నవారు ఇప్పుడు తమ పాత ఫైళ్లను ఒక్కొక్కటిగా మార్చుకుంటున్నారు. క్వార్టర్ నోట్‌కు 5 బదులు 6 నొక్కడం నేర్చుకుంటున్నారు. సంగీత సాఫ్ట్‌వేర్‌తోనే బతుకుతెరువు ఉన్న ఎవరికైనా ఆ పని వారికన్నా ముందే మొదలుపెట్టడం మంచిది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ప్రతి స్కోరుకూ ఒక మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ ప్రతిని, ఒక పీడీఎఫ్ ప్రతిని పక్కన దాచుకోవాలి. తెరలు మారుతూనే ఉంటాయి. రాసిన పాట మిగలాలి కదా.